మనసుల మీద రాసే రాతకు మనమే కాపలా

కలమల్ల పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, మనుషుల మనసుల మీద పరిశోధన చేస్తున్న కడప బిడ్డలారా!

మన చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం క్రీ.శ. 575 నాటిది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆ శాసనమే మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా ఆయన పేరు నిలిచే ఉంది. రాత ఎంతకాలం బతుకుతుందో మన ఊరికి తెలుసు. అందుకే మనుషుల మనసుల గురించి రాసేవాళ్లకు జాగ్రత్త చెప్పే హక్కు మనకుంది.

తప్పుడు రాత ఏం చేస్తుందో యెరుకల కుటుంబాలను అడగండి. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. పుట్టుకతోనే దొంగలంటూ తెగలకు తెగలనే జాబితాకెక్కించారు. వేలిముద్రలు తీసుకుని, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. 1952లో చట్టం పోయింది. మచ్చ మాత్రం మనవల దాకా వెంటాడింది.

ఆ తప్పు మన విషయంలో జరగనివ్వొద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనగానే బాంబులూ వేటకొడవళ్లే గుర్తొచ్చేట్టు సినిమాలు చేశాయి. రేపు ఎవరో పదిమందిని అడిగి ‘సీమ మనస్తత్వం’ ఇదీ అని తేల్చేస్తే, ఆ ముద్ర హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కునే మన పిల్లవాడి నుదుట పడుతుంది. కరువునూ, భూమి తగాదాలనూ, రాజకీయాలనూ వదిలేసి పగను నెత్తుటిలో వెతికే చదువు మనకొద్దు.

అలాగని తలుపులు మూసుకోవద్దు. అప్పులకు రైతును పోగొట్టుకున్న ఇంటి దిగులు, ఫ్యాక్షన్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి నిద్రలేమి ఎవరూ అడగకపోతే ఎవరికీ పట్టవు. సున్నితమైన విషయమని తప్పించుకోవడం బాధ్యత కాదని 1988లోనే జోన్ సీబర్, బార్బరా స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

పరిశోధక బిడ్డలారా, ఏం అడుగుతున్నారో, ఎందుకో, జవాబు ఎక్కడికి పోతుందో మన మాటల్లో చెప్పండి. సర్పంచి ఒప్పుకున్నంత మాత్రాన ఆ తల్లి ఒప్పుకున్నట్టు కాదు. 2009లో ఖమ్మం జిల్లా గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో అంగీకారపత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ దారి తొక్కొద్దు. పేరు తీసేస్తే చాలనుకోవద్దు. ‘ఇద్దరు కొడుకులు పోయిన ఇల్లు’ అంటే ఊరంతటికీ తెలిసిపోతుంది. గాయం కెలికి వెళ్లిపోవద్దు. సాయం ఎక్కడ దొరుకుతుందో చూపించండి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు చేతికివ్వండి. రాసింది అచ్చుకు పంపేముందు రచ్చబండ దగ్గర చదివి వినిపించండి.

ఊరి జనమా, అర్థం కానిదేదైనా ఉంటే అడగండి! ఇష్టం లేకపోతే మధ్యలోనైనా లేచిపోండి. పక్కింటివాళ్లు ఏం చెప్పారని ఆరా తీయకండి. పెదవి దాటితే పృథివి దాటుతుంది. చదువుకున్న పిల్లలు నలుగురు ముందుకు రండి. ప్రశ్నపత్రంతో ఎవరొచ్చినా ముసలివాళ్ల పక్కన కూర్చుని, ప్రతి వాక్యం చదివి చెప్పి, తర్వాతే వేలిముద్ర వేయనివ్వండి. తొలి తెలుగు రాతను దాచుకున్న ఊరు, తనకు తెలియకుండా తన మీద ఏ రాతా పడనివ్వకూడదు.