ఏడవవద్దని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

చావు జరిగిన ఇంటికి వచ్చి "ఏడవకండి" అని చెప్పేవారి మీద నాకు చాలాకాలంగా కోపం. అలా చెప్పేవారిలో ఎక్కువమంది నా విశ్వాసానికి చెందినవారే. కనుక ఈ తగవు ముందుగా మా ఇంటి తగవు.

"బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అని మా ప్రాంతపు బతుకును మూడు మాటల్లో చెబుతారు కదా. కోరుట్లలో మా వాడకట్టు ఆ రెండో మాట మీదే బతికేది. 2009లో మా తమ్ముడు సౌదీలో పనిచేసే చోట కన్నుమూశాడు. ఇక్కడి నుంచి మా సమ్మతి పత్రం వెళ్ళాలి, అక్కడి నుంచి మరణ ధ్రువపత్రం రావాలి. కాగితాలన్నీ తిరిగి తిరిగి, 47వ రోజున చెక్కపెట్టె శంషాబాద్‌లో దిగింది. పెట్టె తెరవవద్దన్నారు. అమ్మ మూత మీద చెంప ఆనించి, లోపల ఉన్నది తన కొడుకేనా అని అడిగింది. సమాధి దగ్గర బోధకుడు ఇది దేవుని చిత్తమన్నాడు, విశ్వాసులు ఏడవకూడదన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలోని నాలుగో అధ్యాయమే అందుకు ఆధారమని ఆ తరువాత చెప్పారు. తెరిచి చదివాను. ఆశ బొత్తిగా లేనివారి దుఃఖం వంటిది మీ దుఃఖం కాకూడదని పౌలు భావం. దుఃఖమే కూడదని ఆయన ఎక్కడా అనలేదు. సగం వాక్యాన్ని పట్టుకుని ఒక తల్లి నోరు నొక్కేశారు!

బేతనియలో లాజరు చనిపోయినప్పుడు క్రీస్తు ఏం చేశాడు? కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీరు పెట్టుకున్నాడు. నువ్వు ఉండి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదని మార్త, మరియ ఇద్దరూ నిష్ఠూరమాడారు. ఆయన వారిని గద్దించలేదు. అక్కడ ఆయన మనఃస్థితిని చెప్పే గ్రీకు క్రియలో కోపం కూడా ఉందని పండితులు అంటారు. సమాధి ముందు దేవుడి కుమారుడికే కోపం వస్తే, మనకు ప్రశాంతత బోధించడమేమిటి?

అసలు పునరుత్థాన విశ్వాసానికి మూలం మరణాన్ని శత్రువుగా గుర్తించడం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదిహేనో అధ్యాయంలో పౌలు దాన్ని చిట్టచివరి శత్రువుగా లెక్కగట్టాడు. శత్రువు చేసిన పనిని దేవుని ఖాతాలో రాయడం భక్తి ఎలా అవుతుంది?

ఈ మాట నాకు సిరిసిల్లలో బాగా అర్థమైంది. కొన్నాళ్ళు అక్కడ అద్దెకున్నాను. పొద్దస్తమానం మరమగ్గాల చప్పుడు. అక్కడివారు వాటిని సాంచాలంటారు. నేతకార్మికుల వరుస ఆత్మహత్యలతో ఆ ఊరికి "ఉరిసిల్ల" అన్న పేరు పడింది. మా పక్కింటి నేతన్న ఉరి వేసుకున్న రోజున, క్రైస్తవులు కానివారు "తలరాత" అన్నారు, క్రైస్తవులు "దేవుని చిత్తం" అన్నారు. మాటలు వేరు, చేసే పని ఒకటే. నూలు ధర, కూలి రేటు, వడ్డీ అన్నీ ఒక్క ఊపులో నిర్దోషులైపోయాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు సాంచాలు ఆడాయి. 2024లో ఆ పని లేక మళ్ళీ చాలా సాంచాలు ఆగాయి. తలరాత ఇలా ప్రభుత్వ ఆర్డర్లను బట్టి మారుతుందా?

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. దానికీ విధి అనే పేరు పెట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చా?

తిరిగి లేచిన క్రీస్తు దేహం మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాకు ఆయన చూపించింది వాటినే. గాయాన్ని చెరిపేసి, ఎవరు కొట్టారో మరిచిపొమ్మనేది పునరుత్థానం కాదు.

ఒక హేతువాద మిత్రుడు ఇదంతా మత్తుమందేనన్నాడు. బాధితుడి నోరు మూయడానికి వాడినంత కాలం ఆయన మాట నిజం, ఒప్పుకుంటాను. పునరుత్థానాన్ని రుజువు చేయమంటే నా చేత కాదు. అది నా విశ్వాసం. అయితే మత్తుమందు మనిషిని పడుకోబెడుతుంది. ఉత్థానమంటే లేచి నిలవడం. పౌలు డేరాలు కుట్టి బతికిన చేతిపనివాడు. మృతుల పునరుత్థానం మీద 57 వచనాలు రాసి, 58వ వచనంలో పని దగ్గరికి వచ్చాడు. మీ శ్రమ వృథా పోదు, స్థిరంగా ఉండండి అనే అర్థంతో అధ్యాయం ముగించాడు. పరలోకం గురించి మొదలైన మాట చేతుల దగ్గర ఆగింది.

మా అమ్మకు చదువు రాదు. ఇప్పుడు మాతోపాటు జగిత్యాలలో ఉంటోంది. గల్ఫ్ నుంచి ఎక్కడైనా పెట్టె వచ్చిందని తెలిస్తే నన్ను వెంటబెట్టుకుని వెళుతుంది. నేను కాగితాలు చూస్తాను, దరఖాస్తులు రాస్తాను. తను ఆ తల్లి పక్కన కూర్చుంటుంది. ఏడవవద్దని ఒక్కసారి కూడా అనగా వినలేదు. "ఏడువు బిడ్డా" అంటుంది.

మావాళ్ళలో ఈస్టర్‌ను సమాధుల పండుగ అని కూడా అంటారు. చీకటి ఉండగానే వెళ్ళి సమాధులకు పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఏటా ఆ తెల్లవారుజామున కోరుట్లలో తమ్ముడి దగ్గర అమ్మ బిగ్గరగా ఏడుస్తుంది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "మళ్ళ లేస్తడు" అంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరదనే బోధకులు ఒక్కసారి వచ్చి ఆమె పక్కన నిలబడాలి. బోధించడానికి కాదు, నేర్చుకోవడానికి.