ఆమె సంపాదన ఎవరి చేతిలో?

అప్పనపల్లి బాల బాలాజీ గుడికి వచ్చే యాత్రికులకు వైనతేయ ఒడ్డూ, కొబ్బరి తోటలూ కనువిందు. సినిమా వాళ్ళకు కోనసీమ అంటే అదే. తోటల మధ్య ఒక పాట, గట్టు మీద ఒక పెళ్ళిచూపుల దృశ్యం తీసుకుని వెళ్ళిపోతారు. ఈ తోటల్లో కొబ్బరి పీచు పని చేసే ఆడవాళ్ళు ఆ దృశ్యాల్లో కనిపించరు. వాళ్ళ ఇళ్ళల్లోంచి ఒక అమ్మాయి తెర మీదికి వెళితే మాత్రం ఊరంతా చూస్తుంది. చీర గురించి, రంగు గురించి, నడవడి గురించి మాట్లాడుకుంటుంది. ఆమె చేసేది పని అనీ, దానికి కూలి ఉంటుందనీ, ఆ కూలి ఎవరికి చేరుతోందో అడగాలనీ ఎవరికీ తోచదు.

ఆ మధ్య ఈ ఊళ్ళో సంఘం స్త్రీలతో కూర్చున్నప్పుడు, టీవీ సీరియల్లో చిన్న వేషాలు వేస్తున్న ఒక అమ్మాయి తల్లి మాటల్లో కలిసింది. పిల్లకి రోజుకి ఎంత ఇస్తున్నారమ్మా అని అడిగాం. "ఏమోనండి, డబ్బులు ఆళ్ళ మావయ్య చేతికే ఇత్తారండి. ఆయనే కదండీ హైదరాబాదు తీసుకెళ్ళింది" అంది. కాగితమేమైనా రాసుకున్నారా అంటే, "అయినోళ్ళ మజ్జిన కాగితాలేంటండీ" అని నవ్వేసింది. ఆ మావయ్య మంచివాడే కావచ్చు. కానీ పని చేస్తున్న మనిషికి తన పని విలువ ఎంతో తెలియని స్థితి మంచివాళ్ళ చేతుల్లో కూడా అన్యాయమే.

ఇదే మామిడికుదురు మండలంలోని మొగలికుదురులో పుట్టిన నటి అంజలి తొలి అడుగులను ఈ కోణం నుంచి చూడవలసి ఉంది. చెన్నైలో బంధువుల ఇంట ఉంటూ అవకాశాలు వెతుక్కున్న ఆమె 2006లో 'ఫోటో' అనే తెలుగు సినిమాతో తెరకెక్కింది. గుర్తింపు మాత్రం తమిళంలో దొరికింది. 2007లో 'కట్రదు తమిళ్', 2010లో 'అంగాడి తెరు' ఆమెను నిలబెట్టాయి. తెలుగు కథానాయిక తెలుగు రానిదై ఉండాలనే అలవాటు మన పరిశ్రమలో ఎంత పాతుకుపోయిందంటే, గోదావరి జిల్లా అమ్మాయి పొరుగు భాషలో పేరు తెచ్చుకున్నాకే ఇక్కడి పెద్ద సినిమాకి పనికొచ్చింది. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' విడుదలైంది 2013 జనవరిలో.

వసంతబాలన్ దర్శకత్వం వహించిన 'అంగాడి తెరు' మన పాఠకులు తప్పక చూడవలసిన సినిమా. చెన్నై రంగనాథన్ వీధిలోని బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసే పల్లెటూరి పిల్లల కథ అది. అమ్మకం చేసే ఆడవాళ్ళకు కూర్చునే హక్కు ఉండాలన్న మాట ఆ తర్వాత చాలా ఏళ్ళకు చట్టమైంది, కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో. కొట్లో నిలబడే పిల్ల కార్మికురాలని సమాజం చివరికి ఒప్పుకుంది. ఆ పిల్ల వేషం వేసిన అమ్మాయిని కార్మికురాలిగా ఒప్పుకోవడానికి ఇంకా సందేహిస్తోంది.

ఆ సందేహం 2013 ఏప్రిల్‌లో బయటపడింది. తన సంపాదన విషయంలో తనను పెంచిన బంధువులే తనకు అన్యాయం చేశారని అంజలి బహిరంగంగా ఆరోపించింది. వాళ్ళు ఖండించారు. కొద్ది రోజులు ఆమె ఆచూకీ తెలియక విషయం పోలీసుల దాకా వెళ్ళింది. ఎవరి మాట నిజమో తేల్చడం మన పని కాదు. ఆ రోజుల్లో వినిపించిన ప్రశ్నలను మాత్రం మనం గుర్తు చేసుకోవాలి. ఆమె ఎక్కడుంది, ఎవరితో ఉంది, ఎందుకు చెప్పకుండా వెళ్ళింది అని అడిగిన గొంతులే ఎక్కువ. ఏడేళ్ళుగా పనిచేస్తున్న, మేజరైన స్త్రీ తన డబ్బు లెక్క అడుగుతోందన్న అసలు విషయం ఆ గోలలో మునిగిపోయింది.

కోనసీమ స్త్రీలకు ఇది కొత్త కథ కాదు. ఇంటి పనికి కువైట్, మస్కట్ వెళ్ళిన మన ఆడవాళ్ళు నెలనెలా పంపిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? ఇల్లు ఎవరి పేర కడుతున్నారు? తిరిగి వచ్చాక చేతిలో ఏమీ లేని స్త్రీలను మనం ఎందరిని చూడలేదు! కూతుర్ని పరాయి ఊరు పంపేటప్పుడు 'తోడు' అవసరమని కుటుంబం అనుకుంటుంది. ఆ తోడు క్రమంగా కాపలా అవుతుంది, కాపలాదారు ఖజానాదారు అవుతాడు. పరువు పేరుతో ఆమె కదలికలనూ, ప్రేమ పేరుతో ఆమె సంపాదననూ ఒకే చెయ్యి పట్టుకుంటుంది. పితృస్వామ్యానికి ఆడవాళ్ళు పనికి వెళ్ళడం మీద ఇప్పుడు పెద్దగా అభ్యంతరం లేదు. డబ్బు లెక్క అడిగినప్పుడే కోపం వస్తుంది.

చట్టం ఈ విషయంలో మనకంటే కొంత ముందే ఉంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను నటనకు పెడితే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలని, రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదని, వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయాలని బాలకార్మిక నిబంధనలు 2017 నుంచి చెబుతున్నాయి. సినిమా కార్మికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది 1981 చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో అది కలిసిపోయింది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం కొబ్బరి తోటలో జరిగే షూటింగు కూడా పని స్థలమే. యూనిట్ వ్యాను కూడా అంతే. పదిమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అది లేనిచోట జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.

డబ్బూ భద్రతా వేర్వేరు విషయాలని ఎవరైనా అంటే నమ్మకండి. తన ఖాతాలో నాలుగు డబ్బులున్న అమ్మాయి నచ్చని చోటు నుంచి లేచి రాగలదు. లేని అమ్మాయి సర్దుకుంటుంది. 2018లో తెలుగు నటీమణులు వేధింపుల గురించి బయటికి వచ్చి మాట్లాడాక, 2019లో తెలంగాణ ప్రభుత్వం సినిమా, టీవీ రంగాల్లో వేధింపులపై కమిటీ వేసింది. 2022లో నివేదిక అందింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు, మన నివేదికనూ బయటపెట్టమని 'వాయిస్ ఆఫ్ విమెన్' అడగవలసి వచ్చింది. స్త్రీలు ధైర్యం చేసి చెప్పిన మాటలు బీరువాలో పెట్టి తాళం వేయడానికి కాదు.

మనం చేయగల పనులు పెద్దవేమీ కావు. మన ఊళ్ళ నుంచి నటనకు వెళ్ళే ప్రతి అమ్మాయికీ, గల్ఫ్ వెళ్ళే ప్రతి స్త్రీకీ ఆమె ఒక్కదాని పేరున ఖాతా తెరిపిద్దాం. పాస్‌బుక్కు ఆమె దగ్గరే ఉండేలా ఇంట్లో వాళ్ళతో మాట్లాడదాం. సంతకం పెట్టే ముందు ఒప్పందం తెలుగులో చదివి వినిపిద్దాం. అమలాపురం కలెక్టరేటుకు వెళ్ళి లోకల్ కమిటీలో ఎవరెవరున్నారో అడిగి, ఆ పేర్లు సంఘం గోడ మీద అంటిద్దాం.

ఆ తల్లి దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. మావయ్యను అనుమానించమని చెప్పం. మీ అమ్మాయి రోజు కూలి ఎంతో అమ్మాయినే అడగండి అని మాత్రం చెబుతాం. పీచు పనికి వెళ్ళే ఆమెకు తన కూలి ఎంతో తెలుసు. కూతురికి తెలియకపోతే ఎలా?