పులికాట్ పూడికతీత: అడుగు మట్టి పరీక్షే తొలి మెట్టు

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాలలో విస్తరించిన పులికాట్, దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత రెండవ పెద్దది. ఇసుక మేటలతో సముద్ర ముఖద్వారాలు పూడిపోయి చేపలు, రొయ్యల రాక తగ్గుతున్నదని, పూడిక తీయాలని మత్స్యకారులు చాలాకాలంగా కోరుతున్నారు. ఈ కోరిక న్యాయమైనదే. అయితే తీసిన మట్టిలో ఏమున్నదో, దానిని ఎక్కడ వేయాలో ముందుగానే తేల్చుకోవాలి.

కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు ఈ సరస్సులో కలుస్తాయి. బకింగ్‌హాం కాలువ దీనిని దక్షిణాన థర్మల్ విద్యుత్ కేంద్రాలు, రసాయన పరిశ్రమలు ఉన్న ఎన్నూరు ప్రాంతంతో కలుపుతున్నది. ఇటువంటి సరస్సులలోకి చేరే సీసం, కాడ్మియం, పాదరసం వంటి భార లోహాలు నీటిలో ఎక్కువకాలం కరిగి ఉండవు. సన్నని బంకమట్టి రేణువులకు, సేంద్రియ పదార్థానికి అంటుకొని అడుగుకు చేరతాయి. అందువల్ల నీటి నమూనా శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరస్సు శుభ్రంగా ఉన్నదని చెప్పడానికి వీలులేదు.

ప్రాణవాయువు లేని బురదలో ఈ లోహాలలో అనేకం సల్ఫైడ్ రూపంలో బంధింపబడి ఉంటాయి. ఆ బురదను పైకి తీసి గాలి తగలనిస్తే సల్ఫైడ్లు ఆక్సీకరణం చెంది ఆమ్లం ఏర్పడుతుంది, లోహాలు విడుదలవుతాయి. వేసవిలో చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడం తెలుగు రైతుకు తరతరాల అలవాటు. ఆ నమ్మకంతోనే ఈ బురదను కూడా పొలంలో వేస్తే ఉప్పుతో పాటు లోహాలు సైతం భూమికి చేరే ప్రమాదం ఉన్నది.

ముఖద్వారంలోని ముతక ఇసుక సాధారణంగా లోహాలను తక్కువగా పట్టి ఉంచుతుంది. లోపలి బురద, కాలువ ఒండ్రు అలా కాదు. కనుక పరీక్షల పేరుతో ముఖద్వారం పనులను ఏళ్ల తరబడి ఆపవలసిన అవసరం లేదు. రెండింటినీ వేరుగా చూడడమే శాస్త్రీయం. ఇటలీలోని వెనిస్ సరస్సులో 1993 నాటి ఒప్పందం ప్రకారం, తవ్విన మట్టిని కాలుష్య స్థాయిని బట్టి తరగతులుగా విభజించి, ఏ తరగతిని ఎక్కడ వేయవచ్చో నిర్ణయించారు. అటువంటి పద్ధతి పులికాట్‌కూ అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తలు పూడికతీతకు ముందే పొరలవారీగా మట్టి నమూనాలు తీయించి, ఫలితాలను తడ, సూళ్లూరుపేట ప్రాంతాల మత్స్యకారులకు, రైతులకు తెలుగులో వివరించాలి. పరీక్షించని బురద ఒక్క బండి కూడా పొలానికి చేరకుండా చూడడం వారి తక్షణ కర్తవ్యం.