లండన్‌లో గోడ... చేర్యాలలో తెర

వేసవిలో విదేశాల్లో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లే మన పెద్దవాళ్లకు మ్యూజియాలు, పార్కులు, దేవాలయాలు అయ్యాక ఈమధ్య మరో కార్యక్రమం తగులుతోంది. అదే వీధి చిత్రకళ వర్క్‌షాప్. టికెట్లు కొని, ఇంటిల్లిపాదీ వెళ్లి, రంగు డబ్బాలు పట్టుకుని రెండు గంటలపాటు గోడ మీద బొమ్మలు వేసి రావడం. సిద్దిపేట తాతకు ఈ సంగతి చెబితే ముందు ఏమంటాడో ఊహించొచ్చు. ‘గోడ ఖరాబు చేసుడుకు పైసలు కట్టుడేందిరా?’

నిజానికి అక్కడ ఏ గోడ పడితే ఆ గోడ మీద రాస్తే పోలీసులు ఊరుకోరు. అందుకే అనుమతి ఉన్న గోడలకు అంత గిరాకీ. లండన్‌లో వాటర్లూ రైల్వే స్టేషన్ కింద లీక్ స్ట్రీట్ అని సొరంగం లాంటి దారి ఒకటుంది. బ్యాంక్సీ అనే మారుపేరుతో గోడల మీద బొమ్మలు వేసే కళాకారుడు 2008 మేలో అక్కడ తోటి చిత్రకారులను పోగుచేసి ఉత్సవం జరిపాడు. అప్పట్నుంచి అక్కడ ఎవరైనా వచ్చి బొమ్మలు వేసుకోవచ్చు. మెల్‌బోర్న్‌లో హోసియర్ లేన్ అనే సందుకూ ఇలాంటి పేరే ఉంది.

నేర్పేవాళ్లు మొదట చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు ఇస్తారు. డబ్బాను బాగా ఊపమంటారు. లోపల గోలీ కదిలే చప్పుడు వినగానే పిల్లలకు సగం సంబరం. గోడకు దగ్గరగా పెట్టి కొడితే గీత సన్నగా, స్పష్టంగా పడుతుంది. దూరం జరిగేకొద్దీ పొగలా విచ్చుకుంటుంది. చెయ్యి ఒక్కచోట ఆగిందా, రంగు ధారలు కట్టి కిందికి కారుతుంది. చిన్నపిల్లల వేళ్లు పది నిమిషాలకే నొప్పి పుడతాయి కనుక వాళ్లకు అట్టముక్కలో కత్తిరించిన అచ్చులు ఇస్తారు. ఆ తర్వాత ఎవరి పేరు వాళ్లు రాయాలి. ఇంగ్లిష్ అక్షరాల నిలువు గీతలు తిన్నగా రావడం కష్టమే గానీ, మన గుండ్రటి అక్షరాలకు భుజం నుంచి చెయ్యి తిప్పితే చాలు. ఇందులో నాయనమ్మలను తక్కువ అంచనా వేయకూడదు. యాభై ఏళ్లు వాకిట్లో చుక్కలు తప్పకుండా ముగ్గేసిన చెయ్యి అది.

మర్నాడు అదే గోడ చూద్దామని వెళ్తే బొమ్మ ఉండకపోవచ్చు. దాని మీద ఇంకెవరో వేసేసి ఉంటారు. పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. పెద్దలకు మాత్రం ఇది కొత్తేమీ కాదు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి నడిచేవాళ్ల కాళ్లకింద పోతుంది. ముగ్గు దాకా ఎందుకు, వీధిలో బొమ్మ చూపించి అక్కడే జనాన్ని కూర్చోబెట్టిన కళ సిద్దిపేట పక్కనే ఉంది.

చేర్యాల 2016 అక్టోబరులో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. అక్కడి నకాషీ బొమ్మలు ఇప్పుడు కాన్కలుగా, డ్రాయింగ్ రూమ్ అలంకారాలుగా చాలామందికి తెలుసు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ అవి గోడకు తగిలించడానికి పుట్టిన బొమ్మలు కావు. మూడడుగుల వెడల్పు, ముప్ఫై నుంచి అరవై అడుగుల పొడవున్న బట్ట మీద ఒక కులపురాణం మొత్తం అంతస్తులు అంతస్తులుగా గీసేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. ఏ ఊళ్లలో ఎవరు కథ చెప్పాలో మిరాశి హక్కు ఉండేది. రాత్రి వీధిలో తెర కట్టి, ఒక్కో బొమ్మ చూపిస్తూ పాట, మాట కలిపి కథ నడిపేవారు. గోడకు అనుమతి వెతుక్కోవాల్సిన పని వాళ్లకు లేదు. ఊరే పిలిచి, పెట్టి పంపేది.

ఆ తెర తయారీ చూస్తే ఓపికంటే ఏమిటో తెలుస్తుంది. ఖద్దరు బట్టకు గంజి పెట్టి ఆరబెట్టాలి. ఉడికించి రుబ్బిన చింతగింజల ముద్ద, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూయాలి. పెన్సిల్ లేకుండా ఉడత వెంట్రుకల కుంచెతో నేరుగా గీయాలి. తర్వాత వెనక అంతా ఎరుపు, ఆపైన మనుషుల ఒంటి రంగులు, బట్టలు, చివరికి నల్లని గీత. చేత్తో చేసుకున్న రంగుల స్థానంలో ఇప్పుడు చాలావరకు కొన్న రంగులే. తెర పాతబడి చిరిగిపోతే మూలన పడేసేవారు కాదు. పూజచేసి నదిలో నిమజ్జనం చేసి, కొత్తది రాయించుకునేవారు. పాత తెరలు ఎక్కువగా మిగలకపోవడానికి ఇదీ ఒక కారణం.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. కథ వినే వీధి ఖాళీ అయింది. తెర రాయించుకునే కథకులు తగ్గిపోయాక నకాషీలు అరవై అడుగుల కథను అడుగు ముక్కలుగా కుదించి బతికారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, అలా కుదించకపోతే బొమ్మా మిగిలేది కాదు. సిద్దిపేటలోనే పుట్టిన చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) ఈ నకాషీ గీతనూ రంగులనూ తన చిత్రాల్లోకి తీసుకుని బోనాలను, పల్లె ఆడవాళ్లను గీశారు. చేర్యాలలో ధనాలకోట వైకుంఠం కుటుంబం ఈ పనికి జాతీయ స్థాయి గుర్తింపు తెచ్చింది. అయినా ఈ పని చేసే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఒకప్పుడు ఇంటి గడప దాటని విద్యను ఇప్పుడు బయటివాళ్లకూ నేర్పుతున్నారు.

అక్కడ నేర్చుకునే పిల్లలకు బొమ్మ వస్తుంది. కథ రాదు. కల్లుకుండ దగ్గర నిలబడ్డ మనిషినో, బోనమెత్తిన ఆడమనిషినో చక్కగా దిద్దుతారు గానీ, పైనున్న అంతస్తులో ఏం జరిగింది, కింది అంతస్తులో ఏం జరగబోతోంది అంటే చెప్పేవాళ్లుండాలి. కథ తెలిసిన డక్కలి, కూనపులి కళాకారులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. బొమ్మ నేర్పేవారి పక్కన వాళ్లనూ కూర్చోబెట్టి, వాళ్లకూ రుసుము ఇచ్చే వర్క్‌షాప్ ఎవరైనా పెడితే లండన్ టికెట్ ధర ఇచ్చినా దండగ కాదు.

సిద్దిపేట నుంచి జనగామ వెళ్లే దారిలోనే చేర్యాల. బస్సులో గంట పని. సెలవులకు వచ్చే మనవళ్లను తీసుకెళ్లాలనుకుంటే ముందే కబురు చేసి, కనీసం ఓ పూట ఖాళీ పెట్టుకుని వెళ్లాలి. గంజి పూత ఆరడానికే టైం పడుతుంది. ముక్కుకు మాస్కులు అడగక్కర్లేదు. కొబ్బరిచిప్పలతో, రంపపు పొట్టుతో మీసాల మొహాల మాస్కులు చేసి రంగులేసేది కూడా ఆ ఇళ్లలోనే.