నమ్మకానికి పరీక్ష

ఊరికి వెళ్తూ ఇంటి తాళంచెవిని పొరుగువారి చేతికి అప్పగిస్తాము. తిరిగి వచ్చేవరకు ఆ ఇల్లు వారి వద్ద అమానతు. తాళం ఎంత గట్టిదైనా, దాన్ని పగలగొట్టకుండా లోనికి వెళ్లగలిగేది వారే. అందుకే తాళంచెవి ఇచ్చేముందు మనిషిని చూస్తాము.

కంప్యూటర్‌లోనూ, సెల్‌ఫోన్‌లోనూ ఆ తాళంచెవి ఆపరేటింగ్ సిస్టం చేతిలో ఉంటుంది. ఏ ఫైలును ఎవరు చదవవచ్చో, ఏ యాప్ కెమెరాను వాడుకోవచ్చో నిర్ణయించేది అదే. అది గాడి తప్పితే మిగిలిన రక్షణలు చాలావరకు వ్యర్థమే.

మరి అది నమ్మదగినదని తేల్చేదెలా? ఇందుకు అమెరికా రక్షణ శాఖ 1983లో కొన్ని ప్రమాణాలను వెలువరించి, 1985లో సవరించింది. అట్ట రంగును బట్టి ఆ గ్రంథానికి ‘ఆరెంజ్ బుక్’ అనే పేరు స్థిరపడింది. అందులో డి, సి, బి, ఎ అనే నాలుగు విభాగాలున్నాయి. డి అన్నిటికన్నా తక్కువది. సి2 శ్రేణి పొందాలంటే సిస్టం ప్రతి వినియోగదారుణ్ణి విడిగా గుర్తించి, ఎవరేమి చేశారో నమోదు చేయాలి. అత్యున్నతమైన ఎ1 శ్రేణికైతే రూపకల్పన సరైనదని గణిత పద్ధతిలో రుజువు చూపాలి.

అయితే యోగ్యతాపత్రాన్ని చదవడం కూడా ఒక విద్యే. 1995లో విండోస్ ఎన్‌టి 3.5కు సి2 శ్రేణి లభించింది. కాని అప్పుడు పరీక్షించినది నెట్‌వర్క్‌తో సంబంధంలేని ఒంటరి కంప్యూటర్‌ను. నెట్‌వర్క్‌కు కలిపిన యంత్రానికి ఆ యోగ్యత వర్తించదు. పత్రంలో అబద్ధమేమీ లేదు. షరతు చూడకుండా శ్రేణి మాత్రమే చూసినవారు లేని భద్రతను ఊహించుకున్నారు.

నేడు ఆరెంజ్ బుక్ స్థానంలో ‘కామన్ క్రైటీరియా’ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013 నుండి మన దేశం కూడా దాని ధ్రువపత్రాలను జారీచేస్తోంది. ఇందులో 1 నుండి 7 వరకు స్థాయిలున్నాయి. పరీక్ష ఎంత లోతుగా, ఎంత కట్టుదిట్టంగా జరిగిందో ఆ అంకె తెలుపుతుంది. పరీక్షకు నిలిచిన వెర్షన్‌కే ఆ పత్రం చెల్లుతుంది.

ప్రియ పాఠకులారా! ఆ నివేదికలు చదివే తీరిక మనకు ఉండకపోవచ్చు. కాని కొత్త ఫోను కొనేటప్పుడు, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు అందుతాయని దుకాణదారుణ్ణి అడగగలము. అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోనులో బ్యాంకు లావాదేవీలు మానుకోగలము. అలాంటి ఫోనును పిల్లలకు ఇచ్చేముందు అందులోని ఖాతాలను, కుటుంబ ఛాయాచిత్రాలను తొలగించగలము. తాళంచెవి అప్పగించేముందు పొరుగువారి విషయంలో మనం చూపే శ్రద్ధలో కొంతైనా దీనికీ చూపుదాం.