సైన్యం ఎవరి మాట వింటుంది?

కర్నూలు వైపు నుంచి తుంగభద్ర వంతెన దాటితే నడిగడ్డ. ఆ ఏరు సరిహద్దు కావడం వెనక ఒక రక్షణ ఒప్పందం ఉంది. 1800 అక్టోబరులో రెండో నిజాం, ఈస్టిండియా కంపెనీ దాన్ని కుదుర్చుకున్నారు. హైదరాబాద్‌కు కాపలాగా కంపెనీ పటాలాలు ఉంటాయి. వాటి ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన సీమ కంపెనీకి పోతుంది. హద్దు తేటగా ఉండాలని ఏటికి దక్షిణాన ఆదోనిని కూడా కంపెనీ పుచ్చుకుని, ఉత్తరాన కొన్ని ప్రాంతాలు వదిలేసింది. దత్తమండలాలు పుట్టింది అలాగే. 2021 మేలో, కరోనా వేళ, పుల్లూరు టోల్‌గేటు దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపింది ఆ ఏటి ఒడ్డునే. హైకోర్టు కలగజేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన హైదరాబాద్ కాంటింజెంట్ కథ ఇంకా ఘోరం. జీతాలు నిజాం ఖజానా నుంచి, ఆజ్ఞలు బ్రిటిష్ అధికారుల నుంచి. బాకీలు పేరుకుపోయి 1853లో బీరారునూ, గద్వాలను ఆనుకుని ఉన్న రాయచూరు అంతర్వేదినీ అప్పగించాల్సి వచ్చింది. అంతర్వేది 1860లో తిరిగొచ్చింది. బీరారు రాలేదు. బీరారు మాదేనని ఏడో నిజాం గట్టిగా అడిగితే 1926లో వైస్రాయ్ రీడింగ్ ఇచ్చిన జవాబు ఒక్కటే: బ్రిటిష్ రాజ్యంతో సరిసమానంగా బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదు.

నిజాం కూడా తన కింది వాళ్లతో అలాగే ఉన్నాడు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు ఆయనకు పేష్కష్ కట్టేవి. వనపర్తి రాజు పోషించిన ఆఫ్రికన్ అంగరక్షకులు నిజాం కొలువులో చేరారని, హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేట వాళ్లదేనని చెబుతారు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో నిజాం యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. యుద్ధకాలంలో, అదీ నిజాం సమ్మతితో తప్ప, భారత సైన్యం హైదరాబాద్ గడ్డ మీద ఉండకూడదన్న షరతు అందులో ఉంది. కాగితం మీద అది సార్వభౌమత్వమే. కానీ పల్లెల్ని రజాకార్లకు వదిలేసిన పాలకుడికి ఆ మాట అనే అర్హత ఎక్కడిది? ఆయన తన జనాన్ని ఏనాడూ అడగలేదు. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, అయిదు రోజుల్లో ఆ రాజ్యం ముగిసింది.

ఇప్పుడు పెద్ద పొరుగువాళ్లం మనం. అందుకే భూటాన్ ఉదాహరణ నాకు ముఖ్యం. 2003 డిసెంబరులో ఉల్ఫా, బోడో తిరుగుబాటుదారుల శిబిరాలను తన అడవుల్లోంచి తరిమింది భూటాన్ సొంత సైన్యమే. దాని రాజే దగ్గరుండి నడిపించాడు. మన సైన్యం సరిహద్దుకు ఇవతల కాపు కాసింది. విదేశీ వ్యవహారాల్లో మన సలహా ప్రకారం నడుచుకోవాలన్న 1949 నాటి షరతును 2007లో తీసేశాం. అయినా స్నేహం చెడలేదు. మాల్దీవుల్లో సంగతి వేరు. మనమిచ్చిన హెలికాప్టర్లతో పాటు ఉన్న కొద్దిపాటి సైనికులు అక్కడ ఎన్నికల నినాదమయ్యారు. 2024 మే నాటికి వాళ్లను వెనక్కి పిలిచి, పౌర సాంకేతిక సిబ్బందిని పంపాం. ఆ పని ముందే చేయాల్సింది.

మన దేశంలో, పరాయి గడ్డ మీద సైన్యాన్ని ఉంచే ఇలాంటి ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. తప్పనిసరి చేయాలి. ఆజ్ఞ ఎవరిది, ఖర్చు ఎవరిది, వెళ్లమంటే ఎన్ని రోజుల్లో వెళ్లాలి అన్నవి సంతకానికి ముందే సభలో చర్చకు రావాలి. అవతలి దేశపు సభలో కూడా.