అవ్వా, బువ్వా, టైరూ

అరిజోనాలో ఉంటున్న మిత్రుడొకరు ఈ మధ్య నాకు పొడవాటి జాబు రాశారు. తన పికప్ బండికి టైర్లు ఎంచుకున్న వైనమంతా అందులో ఉంది. టైరు కంపెనీ బిగించి ఇచ్చినదానికన్నా పెద్దదిగా ఉండాలట, తేలికగా ఉండాలట, ఏళ్ళ తరబడి అరగకూడదట, పైగా రాళ్ళలోనూ ఇసుకలోనూ నడవాలట. మూడు నెలలు వెతికి సాధించానని సంబరపడ్డారు. "మీ తాడిపత్రి బండ్ల వాళ్ళకు కూడా చదివి వినిపించండి" అన్నది కొసమెరుపు.

నేను వినిపించలేదు. ఎందుకు వినిపించలేదో చెప్పడానికే ఈ టపా.

ఆయన బండి మోసేది ఒక గుడారం, రెండు నీళ్ళ డబ్బాలు, పిల్లవాడి సైకిలు. ఆ బరువుకు ఆ వేడుక చెల్లుతుంది. మా ఊరి పికప్పు మోసేది నాపరాయి. అంగుళం మందం ఉన్న చదరపు అడుగు నల్లబండ సుమారు ఆరుంపావు కిలోలు తూగుతుంది. టన్నున్నర మోయగల బండిలో ఎక్కించదగినది 240 చదరపు అడుగులు. ఇల్లు కట్టుకునేవాడు 400 అడుగులు ఒకే ట్రిప్పులో రావాలంటాడు. అంటే రెండున్నర టన్నులు. బండి యజమాని బాడుగ పోతుందని తల ఊపుతాడు. మిగిలినదంతా టైరు చూసుకోవాలి. ఇటువంటి చోట టైరు అందం గురించి మాట్లాడటం, పస్తులున్న ఇంట్లో విస్తరాకు పచ్చదనాన్ని మెచ్చుకోవడం వంటిది.

ఇక ఆ మూడు కోరికలూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది పెద్ద టైరు. 215/75 ఆర్ 15 టైరు తీసి 235/75 ఆర్ 15 వేశామనుకోండి. లెక్క కడితే చక్రం ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. అందులో సగమే బండిని నేల నుంచి పైకి లేపుతుంది. అంటే 15 మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందం. ఈ చిటికెన వేలికి చెల్లించే వెల వినండి. మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 62 దాటి పోతుంటుంది. ఇంజను ప్రతి గేరులోనూ నూటికి నాలుగు వంతులు ఎక్కువ శ్రమపడుతుంది. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు ఆ భారం క్లచ్చి మీద పడుతుంది, దిగేటప్పుడు బ్రేకు మీద పడుతుంది. తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్న సంగతి సరేసరి.

రెండవది తేలికైన టైరు. చక్రం తేలికైతే బండి చురుకుగా కదులుతుంది, స్ప్రింగులకు హాయి. నిజమే. కాని టైరు పెద్దదైతే రబ్బరు పెరుగుతుంది. పెరిగిన రబ్బరును తేలిక చేయాలంటే లోపలి పొరలు తగ్గించాలి, లేదా పక్క గోడ పలచన చేయాలి. మా క్వారీ దారుల్లో పరుచుకుని ఉండేవి గులకరాళ్ళు కావు, విరిగిన బండ ముక్కలు. వాటి అంచు కత్తి. అది టైరు అడుగును కాదు, పక్కను కోస్తుంది. పక్క కోసుకుపోయిన టైరుకు పంచరు షాపులో మందు లేదు. ఇక్కడ తేలికదనం కోరడమంటే, ముళ్ళకంచెలో నడవడానికి పట్టుపంచె కట్టుకోవడమే.

మూడవది అరగని టైరు, అదీ పెద్ద పెద్ద బటన్లున్న టైరు. ఆ బటన్ల మధ్య వెడల్పాటి సందులు ఉండేది బురదను విసిరివేయడానికి. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కరవు సీమలో బురద టైరు! తక్కిన నెలలన్నీ ఆ సందుల్లో ఇరుక్కునేది రాతి ముక్క. చక్రం తిరిగిన ప్రతిసారీ అది కాస్త కాస్త లోపలికి తొలుచుకుపోతుంది. ఇక తారురోడ్డు మీద ఆ బటన్లు చేసే మోత, తినే డీజిలు అదనం. రబ్బరును గట్టిపరిస్తే అరుగుదల తగ్గుతుంది, నిజమే. తడిసిన నేల మీద పట్టు కూడా తగ్గుతుంది.

అవ్వా కావాలి బువ్వా కావాలి అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్నది కాదు. మా చిన్నాన్న కొడుకు అప్పు చేసి పికప్పు కొన్నాడు. రెండో ఏడు టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు, "అన్నా, పెద్ద సైజు ఏసుకో. బండి సింహం మాదిరి ఉంటాది" అన్నాడొక అంగడివాడు. ఆ మాటకు పక్కనే ఉన్న నేను కూడా వంత పాడాను. సింహం లాగానే ఉండింది. టైరు పక్కన చెక్కిన బరువు అంకెను మాత్రం మా ఇద్దరిలో ఎవరమూ చదవలేదు. ఏప్రిల్ ఎండలో గుత్తి దారిలో వెనుక టైరు పగిలింది. బండలు జారాయి. వాటి మీద కూర్చుని వస్తున్న హమాలీ కుర్రవాడి కాలు విరిగింది. బండల విలువ మేము కట్టాము. కాలి విలువ ఎవరు కట్టారు?

ఆ తరువాత నేర్చుకున్నది చెబుతాను. టైరు పక్కన కొలత తరువాత ఒక అంకె ఉంటుంది. అది 100 అయితే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 108 అయితే 1000 కిలోలు. వెనుక ఉన్నవి రెండే చక్రాలైతే ఆ అంకెను రెండింతలు చేసి, బండల బరువుతో పాటు వెనుక ఇరుసు మీద పడే బండి సొంత బరువును కూడా కలిపి పోల్చుకోండి. బండి పుస్తకంలో చెప్పిన అంకెకు తగ్గనే తగ్గకూడదు. నాలుగంకెల తయారీ తేదీ చూడండి. 1524 అంటే 2024లో 15వ వారం. అంగడి అటక మీద ముసలిదైన టైరు కొత్తది కాదు. ఎండాకాలం గాలి తగ్గించి పెట్టించాలన్నది మా దారుల్లో బలమైన మూఢనమ్మకం. గాలి తగ్గితే టైరు ఎక్కువగా నలుగుతుంది, నలిగేకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కి పగులుతుంది. బండి కదలక ముందు, చల్లగా ఉన్నప్పుడు, చెప్పినంత గాలి పెట్టించడమే దానికి మందు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే దాని ఆయువు తీరినట్టే, బేరాలు లేవు.

అయితే అసలు దోషిని వదిలి టైరును తిట్టడం కూడా అన్యాయమే. బాడుగ అడుగుల లెక్కన కట్టి, బరువు లెక్కను డ్రైవరు మీదికి నెట్టే వ్యాపారం ఉన్నంతకాలం ఏ దేశపు టైరూ ఈ కుర్రవాళ్ళను కాపాడలేదు. 400 అడుగులు ఒకే ట్రిప్పులో అడిగే ఇంటి యజమానీ, ఎక్కించే ఫ్యాక్టరీ యజమానీ, రెండో ట్రిప్పు బాడుగ ఎగ్గొట్టడానికి చూసే మనమూ, ఆ కాలు విరగడంలో తలా కొంత భాగస్థులం. మన ఇంట్లో పరచిన నున్నటి నల్లబండ మీద చల్లగా పడుకునేటప్పుడు ఆ మాట గుర్తుండాలి.

మా ఊరి చింతల వేంకటరమణస్వామి గుడిలో విజయనగర కాలపు గరుడ మండపం ఉంది. దాన్ని రథం ఆకారంలో రాతితో చెక్కారు. కదలనవసరం లేని ఆ రథానికి ఎంత అలంకారమైనా చెల్లింది. నిండా రాయి ఎత్తుకుని కదలవలసిన బండికి, ఆ రాయి మీద కూర్చునే మనిషికి, అలంకారం అక్కరలేదు. మోయగలిగిన టైరు కావాలి, మోయగలిగినంతే ఎక్కించే యజమాని కావాలి.

అరిజోనా మిత్రులు నా మీద అలగరనే నమ్మకం. అలిగితే, ఒక్కసారి వేసవిలో వచ్చి బండల లోడు మీద కూర్చుని గుత్తి దాకా ప్రయాణం చేయమనండి. తరువాత తీరికగా వాదించుకుందాం.